పసిబిడ్డకు పొత్తిగుడ్డలు: ఎన్నిక, ఉతుకు, ఆరవేత

తెలుగునాట పసిబిడ్డ ఉన్న ఇంటిని గుర్తించడానికి ఎవరినీ అడగనక్కరలేదు. పెరటిలోనో, డాబామీదనో దండెం నిండా చదరపు తెల్లగుడ్డలు ఆరుతూ ఉంటే ఆ ఇంట ఉయ్యాల ఊగుతున్నదని అర్థం. అమ్మమ్మ చీర, తాతగారి పంచె చిరిగి మెత్తబడి, మనుమడికి పొత్తిగుడ్డలుగా మారడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం.

ఇప్పుడు ఆ దండేలు పలచబడుతున్నాయి. 1961లో అమెరికాలో 'పాంపర్స్' పేరుతో బజారుకు వచ్చిన వాడి పారవేసే డైపరు క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించి, నేడు మన చిన్న పట్టణాల కిరాణా దుకాణాలలో కూడా వ్రేలాడుతున్నది. నా వైద్యశాలకు వచ్చే యువ మాతృమూర్తులు పొత్తిగుడ్డలు వద్దనరు. అయితే వాటితో నాలుగు బాధలున్నాయని చెబుతారు. ఉతుకు భారం, ఆరకపోవడం, వాసన, బిడ్డ చర్మం ఒరిసిపోవడం. ఈ నాలుగింటికీ నివారణలున్నాయి. వాటిని సావకాశంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం చెప్పినది

చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం కుమారాగారాన్ని, అనగా పసిబిడ్డ నివసించే గదిని వర్ణిస్తున్నది. బిడ్డ పడుకొనే పక్క, పరిచే గుడ్డ, కప్పే గుడ్డ మృదువుగా, తేలికగా, శుచిగా, సుగంధంగా ఉండవలెనని అక్కడ నియమం. చెమట, మలమూత్రాలు, క్రిములు అంటిన వాటిని తొలగించవలెను. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. ఆ తరువాతి మాట విశేషమైనది. వేరే గుడ్డలు లభించనప్పుడు వాటినే బాగుగా ఉతికి, ధూపం వేసి, శుద్ధంగా, పొడిగా చేసి మరల వాడవచ్చునని మహర్షి అనుమతించాడు.

ఒకే గుడ్డను మరల మరల వాడడంలో దోషం లేదని, అయితే ఆ వాడకానికి శుద్ధి, శుష్కత అనే రెండు షరతులున్నాయని దీని తాత్పర్యం. ఉతికిన గుడ్డ శుభ్రంగా ఉండి కొంచెం చెమ్మగా ఉంటే ఒక షరతు మాత్రమే తీరింది. పూర్తిగా ఎండి, అందులో సబ్బు మిగిలి ఉంటే రెండవది మాత్రమే తీరింది. తల్లులు చెప్పే బాధలలో చాలావరకు ఈ రెండింటిలో ఏదో ఒకటి లోపించడం వలన కలిగేవే.

ఏ గుడ్డ మంచిది?

పొత్తిగుడ్డకు నూలును మించినది లేదు. పలుమార్లు ఉతికిన పాత నూలుచీర, మల్లుపంచె, ధోవతి శ్రేష్ఠం. కొత్త నూలులో సహజమైన మైనపు పదార్థం కొంత ఉంటుంది. అందువలన కొత్తగుడ్డ మీద నీరు పోస్తే వెంటనే ఇంకక జారిపోతుంది. అయిదారుసార్లు వేడినీటిలో ఉతికిన పిమ్మట గాని దానికి పీల్చే గుణం పూర్తిగా రాదు. పాతగుడ్డకు ఈ ఉతుకు ముందే జరిగి ఉంటుంది గనుకనే పెద్దలు దానిని కోరుకున్నారు. పాలియెస్టరు కలిసిన చీరలు ఎంత మెత్తగా ఉన్నా పనికిరావు. అవి తడిని పీల్చవు, గాలి ఆడనివ్వవు.

ఆరుగజాల పాత నూలుచీర అంచులు, జరీ, పొలుకులు తీసివేయగా 20 అంగుళాల చదరపు ముక్కలు సుమారు 18 వరకు వస్తాయి. చీర పలచబడి ఉంటే రెండేసి ముక్కలు కలిపి చుట్టూ సన్నని కుట్టు వేయవలెను. అంచు మడిచి లావుగా కుట్టరాదు. ఆ లావు కుట్టే తొడ ముడుతలలో ఒరుసుకొంటుంది. మూడు నాలుగు నెలల తరువాత 24 నుండి 27 అంగుళాల చదరాలు అవసరమవుతాయి.

గుండీలతో, సాగే పట్టీలతో కుట్టి అమ్ముతున్న ఉతికి వాడే డైపర్లు కూడా నేడు దొరుకుతున్నాయి. పైన నీరు కారని పొర, లోపల తడిని పీల్చే నూలు దిండు వీటి నిర్మాణం. ప్రయాణాలకు, రాత్రులకు ఇవి అనుకూలం. అయితే పైపొరను మరిగించరాదు. ఆ పొర విడిపోతుంది. లోపలి దిండు మైక్రోఫైబరుదైతే దానిని నేరుగా చర్మానికి తగలనీయరాదు. అది చర్మంలోని చెమ్మను కూడా లాగివేస్తుంది. మధ్యన ఒక మల్లుగుడ్డ వేయవలెను.

కలరా ఉండలతో ప్రమాదం

పాత చీరలు సాధారణంగా ట్రంకుపెట్టెల అడుగున ఉంటాయి. వాటి మధ్య కలరా ఉండలని మనం పిలిచే నాఫ్తలీన్ గోళీలు ఉండడం కూడా సాధారణమే. ఆ వాసన పట్టిన గుడ్డను నవజాత శిశువుకు చుట్టడం అపాయకరం. జి6పిడి అనే ఎంజైము కొందరి శరీరంలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అటువంటి బిడ్డకు నాఫ్తలీన్ సోకితే రక్తకణాలు విచ్ఛిన్నమై, పచ్చకామెర్లు తీవ్రమై, మెదడుకు హాని కలిగే స్థితి కూడా ఏర్పడవచ్చు. ఏ బిడ్డకు ఈ లోపమున్నదో చూపులకు తెలియదు.

కావున గర్భిణికి ఏడవ నెల రాగానే పెట్టె తెరిచి, గుడ్డలను వేడినీటిలో రెండు మూడుసార్లు ఉతికి, కొన్నిరోజులు ఎండలో, గాలిలో ఉంచవలెను. వాసన పూర్తిగా పోని గుడ్డను బిడ్డకు వాడరాదు. 'బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టు' అని మనవారు వేళాకోళం చేస్తారు గాని, పొత్తిగుడ్డల విషయంలో ముందుచూపే మేలు. నిలువ చేయడానికి ఎండిన వేపాకు, మూటగట్టిన వస కొమ్ములు చాలు.

ఎన్ని కావాలి?

మొదటి మాసంలో బిడ్డకు రోజుకు పది, పన్నెండుసార్లు గుడ్డ మార్చవలసి వస్తుంది. ఆరునెలలు వచ్చేసరికి ఇది ఆరు, ఎనిమిదికి తగ్గుతుంది. ఒకనాటి వాడకానికి 12, ఉతికి ఆరుతున్నవి 12, అదనంగా 6 చొప్పున 30 లంగోటీలు ఉంటే ఇల్లాలు నిశ్చింతగా ఉండగలదు. వర్షాకాలపు పురుడైతే మరో 10 చేర్చుకోవలెను. వీటికి తోడు పక్కగుడ్డలు 8, ఒళ్ళు చుట్టే మెత్తని తువ్వాళ్ళు 6, పక్క తడవకుండా రబ్బరు షీట్లు 2 అవసరం. రబ్బరు షీటు మీద దళసరి నూలుగుడ్డ లేకుండా బిడ్డను పడుకోబెట్టరాదు.

తక్కువ గుడ్డలతో సర్దుకొనేవారే ఎక్కువ కష్టపడతారు. గుడ్డ చాలక, సరిగా ఆరనిదానిని కట్టడం, తడిసినదానిని మరికొంతసేపు ఉంచడం జరుగుతుంది. తరువాత వచ్చే చర్మవ్యాధికి అయ్యే ఖర్చులో ఎన్నో గుడ్డలు వస్తాయి.

కట్టే విధానం

చదరపు గుడ్డను మూలకు మూల మడిచి త్రికోణం చేయవలెను. నిడుపు అంచు బిడ్డ నడుము క్రిందికి రావలెను. మరొక గుడ్డను పొడుగుగా నాలుగు మడతలు వేసి మధ్యన అమర్చాలి. మగబిడ్డకు ముందువైపు, ఆడబిడ్డకు మధ్యభాగాన మడత మందంగా ఉంటే తడి బయటికి రాదు. అన్నిటికంటె పైన, చర్మానికి తగిలేటట్లు పలుచని మల్లుముక్క ఒకటి వేస్తే మలం దానిమీదనే ఉండిపోతుంది. క్రింది గుడ్డలు మరకపడవు. ఉతుకు భారాన్ని సగానికి తగ్గించే చిట్కా ఇదే.

పిన్నీసు వాడేవారు గుడ్డకూ బిడ్డకూ నడుమ తమ వేళ్ళు ఉంచి గుచ్చవలెను. అంతకంటె మొలచుట్టూ వదులుగా ముడివేసే నాడాలు మేలు. ముడి, పొట్టకు మధ్య రెండువేళ్ళు దూరేంత సందు ఉండవలెను. బొడ్డు ఊడేంతవరకు గుడ్డను బొడ్డుక్రిందికి మడిచి కట్టాలి. మూత్రం తగిలితే అక్కడ చీము పట్టవచ్చు.

కాళ్ళను చాచి, కట్టెవలె బిగించి పొత్తిళ్ళలో చుట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. దాని వలన తుంటికీలు జారే ప్రమాదమున్నదని వైద్యులు నిర్ధారించారు. కప్పవలె మోకాళ్ళు ముడిచి, తొడలు ఎడంగా ఉండడమే శిశువుకు సహజస్థితి. గుడ్డ ఎప్పుడూ దానికి అడ్డు రాకూడదు.

తడిసినది మొదలు ఉతికేవరకు

మూతలున్న బకెట్లు రెండు సిద్ధపరచుకోండి. మొదటిది మూత్రంతో తడిసిన వాటికి, రెండవది మలం అంటినవాటికి. మూత్రపు గుడ్డను వెంటనే చల్లని నీటిలో ఒకసారి జాడించి, పిండి, పొడి బకెట్టులో వేయవలెను. మలం అంటినదానిని ముందుగా మరుగుదొడ్డిలో దులిపి, చల్లని ధారక్రింద కడగాలి. మొదటనే వేడినీరు తగిలితే మలంలోని మాంసకృత్తులు గుడ్డలో గట్టిపడి మరక నిలిచిపోతుంది.

రోజంతా నీటిలో నానవేసి ఉంచడం శుభ్రతకు మంచిదని అనేకులు భావిస్తారు. నిలువనీటిలో సూక్ష్మక్రిములు పెరిగి దుర్గంధమే హెచ్చుతుంది. ఉతకడానికి ముందు అరగంట, గంట నానితే చాలును. పాకే వయసు బిడ్డ ఉన్న ఇంట నీళ్ళు నిండిన బకెట్టును నేలమీద ఉంచడం మరీ ప్రమాదం. జానెడు లోతు నీటిలో తలక్రిందులైనా ప్రాణాపాయమే.

ఉతుకుకు పరిమాణం మించని సబ్బుపొడి, వేడినీరు, చేతితో మంచి రుద్దుడు కావాలి. కేవలం మూత్రంతో తడిసినవాటికి కుంకుడు రసం చక్కగా సరిపోతుంది. గింజలు తీసిన కుంకుడుకాయలు ఎనిమిది, పది ముందునాటి రాత్రి గోరువెచ్చని నీటిలో నానవేసి, ఉదయం పిసికి, వడగట్టి ఆ నురుగులో ఉతకవలెను. మలపు మరకలకు కుంకుడు చాలదు. అక్కడ బట్టలసబ్బు తప్పదు. కనీసం మూడు నీళ్ళలో జాడించి, చివరి నీటిలో నురుగు కనిపించనంతవరకు ఆగవద్దు.

యంత్రంలో ఉతికేవారు ముందుగా చల్లని నీటితో ఒక విడత జాడింపు, తరువాత 60 డిగ్రీల వేడిలో ఉతుకు, చివర మరొక అదనపు జాడింపు పెట్టుకోవలెను. గుడ్డలు కుక్కి నింపితే నీరు ఆడదు. ముఖ్యంగా మూడింటిని ఈ గుడ్డల దరికి రానీయవద్దు: గంజి, నీలిమందు, బట్టలను మెత్తబరిచే సువాసన ద్రావకాలు. గంజి ఒరిపిడి కలిగిస్తుంది. మెత్తబరిచే ద్రావకం గుడ్డమీద పొరలా పట్టి పీల్చే గుణాన్ని చెరుస్తుంది. ఫినాయిలు, ఘాటైన క్రిమినాశకాలు కూడా వద్దు. వాటి శేషం లేత చర్మాన్ని మండిస్తుంది.

వారానికి ఒకసారి, బిడ్డకు విరేచనాలో, చర్మం ఎర్రబడడమో జరిగితే ప్రతిదినమూ నూలుగుడ్డలను పది నిమిషాలు మరిగించవలెను.

బోరునీటి సమస్య

మన జిల్లాలలో చాలాచోట్ల బోరునీరు కఠినజలం. అందులోని సున్నపు లవణాలతో సబ్బు కలిసి తెట్టెగా మారి నూలుపోగులకు పట్టుకొంటుంది. క్రమంగా గుడ్డ బిరుసెక్కి, బూడిదరంగు తిరిగి, తడి పీల్చడం మానివేస్తుంది. ఆ తెట్టెలో నిలిచిన మూత్రశేషం నుండి సూక్ష్మక్రిములు అమ్మోనియాను పుట్టిస్తాయి. ఉతికిన గుడ్డ కట్టగానే, బిడ్డ తడిపిన క్షణంలోనే ముక్కుపుటాలదిరే ఘాటువాసన వస్తే ఇదే కారణం.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటున్నది. మడిచిన పొడిగుడ్డ మీద నాలుగు నీటిచుక్కలు వేయండి. వెంటనే ఇంకితే గుడ్డ ఆరోగ్యంగా ఉన్నది. తామరాకుమీది బిందువువలె నిలిస్తే తెట్టె పట్టినదన్నమాట. అప్పుడు సబ్బు లేకుండా, బకెట్టు వేడినీటిలో ఒక చెంచా చాకలిసోడా వేసి గంటసేపు నానబెట్టి, మంచినీటిలో నాలుగైదుసార్లు జాడించవలెను. వాననీరు పట్టుకోగలిగితే అంతకంటె మృదువైన నీరు లేదు. చాకలిసోడా శేషం కూడా మంట కలిగించేదే గనుక జాడింపులో బద్ధకించరాదు.

ఆరవేత: ఎండ ఉన్ననాడు, లేనినాడు

ఎండ ఖర్చులేని ఔషధం. అది చెమ్మను తొలగించి, క్రిములను క్షీణింపజేసి, పసుపు మరకలను కూడా వెలిసిపోయేటట్లు చేస్తుంది. మరక మీద నిమ్మరసం వేసి తడిగానే ఎండలో పరిస్తే మరింత త్వరగా పోతుంది. తరువాత మరల జాడించి ఆరవేయవలెను. గుడ్డను విదిలించి, మడత లేకుండా ఒక్కపొరగా దండెంమీద వేయాలి. పొద్దుగూకకముందే లోనికి తీయాలన్న పెద్దల మాటలో అర్థమున్నది. సాయంకాలపు మంచు దిగితే ఆరినది మరల చెమ్మగిల్లుతుంది, పురుగూపుట్రా చేరుతుంది.

శ్రావణ, భాద్రపదాలలోనే అసలు పరీక్ష. గుడ్డను పిండిన తరువాత పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా ఒత్తితే సగం నీరు దిగిపోతుంది. గదిలో తాడుకట్టి, గుడ్డకు గుడ్డకు జానెడు ఎడమిచ్చి, పంకా క్రింద ఆరవేయవలెను. మందపాటి లంగోటీలు కాక, విప్పితే ఒక్కపొరయ్యే చదరపు గుడ్డలు వానాకాలంలో ఎంతో త్వరగా ఆరతాయి. కడపట వేడి ఇస్త్రీపెట్టెతో రెండువైపులా రుద్దితే మిగిలిన చెమ్మ, క్రిములు పోతాయి. వంటపొయ్యిమీద వ్రేలాడదీయడం నిప్పుకు తావిచ్చినట్లే. గుడ్డ ఆరినదో లేదో చేతితో కంటె చెక్కిలికి ఆన్చి చూస్తే బాగా తెలుస్తుంది.

ధూపం గుడ్డలకు, బిడ్డకు కాదు

స్నానం చేయించి బిడ్డను సాంబ్రాణి పొగలో పట్టడం మన ఇళ్ళలో పరిపాటి. చరకుడు చెప్పిన ధూపద్రవ్యాలు, యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలైనవి, నేతితో కలిపి ధూపం వేయవలసినది వస్త్రాలకు, పక్కలకు. కాశ్యపసంహితలో ధూపాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పసివాని ఊపిరితిత్తులు అతి సుకుమారాలు. పొగ వాటికి హితం కాదు. ధూపం వేయదలచినవారు బిడ్డ లేని గదిలో, బాగా ఆరిన గుడ్డలకు వారానికి ఒకసారి వేసి, గంటసేపు గాలికి ఉంచి, పిమ్మట వాడుకోవలెను. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఎండ, ఇస్త్రీలతోనే తృప్తిపడడం మంచిది.

చర్మం ఒరిసినప్పుడు

తడిగుడ్డ వలన కలిగే చర్మవికారాన్ని మన శాస్త్రం 'అహిపూతనం' అన్నది. మలమూత్రాలు అంటిన భాగాన్ని కడగకపోవడం వలన, చెమట పట్టినప్పుడు స్నానం చేయించకపోవడం వలన రక్తకఫాలు దూషితమై దురద పుట్టి, గోకగా పొక్కులు, స్రావం ఏర్పడతాయని సుశ్రుతుడు నిదానస్థానంలో వివరించాడు. నేటి వైద్యం చెప్పే కారణం కూడా దాదాపు ఇదే. నూలుగుడ్డకైనా, ఖరీదైన డైపరుకైనా ఈ సూత్రం ఒక్కటే. డైపరు తడిని ఎక్కువ పీలుస్తుంది, నిజమే. ఆ ధీమాతో ఎనిమిది గంటలు ఉంచితే దానిలోనూ ఒరుపు వస్తుంది.

నివారణ సులభం. పగలు రెండు మూడు గంటలకొకసారి, మలవిసర్జన జరిగిన వెంటనే గుడ్డ మార్చవలెను. గోరువెచ్చని నీటితో ముందునుండి వెనుకకు కడిగి, రుద్దకుండా అద్ది, రోజుకు రెండు మూడుసార్లు అరగంటసేపు గుడ్డ లేకుండా ఆడుకోనివ్వాలి. పొడిచర్మం మీద కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు. పౌడరు చల్లవద్దు, ముడుతలలో ముద్దకడుతుంది, ఆ ధూళి ఊపిరిలోకి పోతుంది.

ఎర్రదనం కనిపిస్తే త్రిఫల, చండ్రచెక్కల కషాయాన్ని పలుచగా కాచి, వడగట్టి, చల్లార్చి దానితో కడగడం సుశ్రుతోక్తమైన చికిత్స. ఆ గ్రంథంలోనే తుత్థం, హరితాళం వంటి ఖనిజాలతో లేపాలు కూడా ఉన్నాయి. వాటిని ఇంట్లో ఎవరూ ప్రయత్నించరాదు. మూడురోజులలో తగ్గకపోయినా, ముడుతల లోపలికి పాకి చుట్టూ చిన్నచిన్న ఎర్రని పొక్కులు లేచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపవలెను. శిలీంధ్రం చేరినప్పుడు వేరే మందు కావాలి, ఇంటివైద్యం చాలదు.

గుడ్డ చెప్పే వార్త

తెల్లని పొత్తిగుడ్డకు మరే వస్తువుకూ లేని గుణం ఒకటున్నది. అది బిడ్డ ఆరోగ్యాన్ని తల్లికి చదివి వినిపిస్తుంది. అయిదారు దినాలు నిండిన బిడ్డ రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడిపితే పాలు చాలుతున్నాయని నిశ్చయంగా చెప్పవచ్చు. ఎనిమిది గంటలు గుడ్డ తడవకుంటే, బిడ్డ మగతగా ఉంటే ఆలస్యం చేయరాదు. తొలి రెండు మూడు రోజుల మలం తారువలె నల్లగా ఉండి, అయిదవ రోజుకు పసుపుపచ్చగా మారడం సహజం.

మరొక సూచన ప్రతి తల్లీ, అమ్మమ్మా జ్ఞాపకముంచుకోవలసినది. పాలుతాగే పసివాని మూత్రం దాదాపు రంగు లేకుండా ఉండవలెను. అది గుడ్డను పచ్చగా మరకచేస్తూ, మలం సుద్దవలె తెల్లబారి, కామెర్లు పద్నాలుగు దినాలు దాటినా తగ్గకపోతే పైత్యనాళం మూసుకొనిపోయి ఉండవచ్చు. అది పసరుమందుతో పోయే కామెర్ల జబ్బు కాదు. శస్త్రచికిత్స అవసరమవుతుంది, రెండునెలల వయసు నిండకముందే చేస్తే ఫలితం మెరుగుగా ఉంటుంది. 'ఎండలో పెడితే తగ్గుతుంది' అంటూ గడిపే ప్రతి వారమూ బిడ్డ కాలేయానికి నష్టమే. ఆ గుడ్డను ఉతకకుండా వెంట తీసుకొని నేరుగా పిల్లల ఆసుపత్రికి పోవలెను. మలంలో రక్తం, జిగురు కనిపించినా అంతే.

చాకిరీ ఎవరిది?

బాలింతకు నెలన్నర విశ్రాంతిని మన శాస్త్రం విధించింది. తెల్లవారుజామున చన్నీళ్ళలో ముప్పై గుడ్డలు ఉతకడం ఆ విశ్రాంతిలో భాగం కాదు. పొత్తిగుడ్డలు కష్టమని యువతులు అనడానికి గుడ్డకంటె, ఆ కష్టం ఒక్కరిమీదనే పడడమే కారణమని నాకు తోస్తుంది. వెనుకటి ఉమ్మడి కుటుంబంలో ఆ పనిని అత్తగారో, మేనత్తో, పిన్నమ్మో పంచుకొనేవారు. నేటి చిన్న కుటుంబంలో ఆ స్థానం భర్తది. కన్నబిడ్డ గుడ్డ జాడించినంత మాత్రాన ఎవరి గౌరవమూ తరగదు. పనిమనిషి చేత ఉతికించేవారు మలాన్ని తామే తొలగించి, జాడించి ఇవ్వడం, ఆ పనికి అదనంగా జీతం ఇవ్వడం ధర్మం.

గుడ్డల సంఖ్యను తగ్గించే పాత పద్ధతి ఒకటి మన అమ్మమ్మలకు తెలుసు. నిద్రలేచిన వెంటనే, పాలు త్రాగిన కొద్దిసేపటికి బిడ్డను చాచిన కాళ్ళమీద కూర్చుండబెట్టి 'ఉస్స్' మని శబ్దం చేస్తారు. మెడ నిలిచిన తరువాత, బలవంతం లేకుండా, బిడ్డ ఇష్టపడినంతవరకు దీనిని అలవాటు చేస్తే రోజుకు నాలుగైదు గుడ్డలు మిగులుతాయి.

డైపరుకూ చోటున్నది

ప్రయాణంలో, ఆసుపత్రిలో, నీటి కరువున్న వేసవిలో డైపరు వాడడం తప్పు కాదు. వాడినదానిలోని మలాన్ని మరుగుదొడ్డిలో వేయవలెను. డైపరును బాగా చుట్టి చెత్తకు ఇవ్వవలెనని 2016 నాటి కేంద్రప్రభుత్వ ఘనవ్యర్థ నియమాలే చెప్పాయి. కాలువలలో, ఖాళీస్థలాలలో విసరడం పొరుగువారి బిడ్డలకు అపకారం.

గుడ్డల వాడకం కూడా వివేకంతో ఉన్నప్పుడే భూమికి మేలు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఉతికే గుడ్డల లాభమంతా ఉతికే తీరును బట్టి ఉంటుంది. యంత్రాన్ని నిండుగా నింపి ఉతకడం, విద్యుత్తుతో కాక దండెంమీద ఆరవేయడం, అవే గుడ్డలను రెండవ బిడ్డకూ వాడడం ఈ లాభాన్ని పెంచుతాయి. దండెం, ఎండ, పెద్దవాడి గుడ్డలు చిన్నవాడికి దాచడం మనకు ఎవరూ నేర్పవలసిన విషయాలు కావు.

గుర్తుంచుకోవలసినవి

1. పాత నూలుగుడ్డ శ్రేష్ఠం. కలరా ఉండల వాసన ఉన్నది నిషిద్ధం.
2. ముప్పై లంగోటీలు, మూతలున్న రెండు బకెట్లు ముందే సిద్ధం చేసుకోవలెను.
3. మొదట చల్లని నీరు, తరువాత వేడినీరు, చివర మూడు జాడింపులు.
4. గంజి, నీలిమందు, మెత్తబరిచే ద్రావకాలు వద్దు.
5. చెక్కిలికి ఆన్చి పొడిగా ఉన్నదని తేలినదే కట్టవలెను.
6. తడిసిన గుడ్డల లెక్క, మలమూత్రాల రంగు ప్రతిదినం గమనించవలెను.

బిడ్డ పెరిగి లంగోటీ మానిన తరువాత ఆ గుడ్డలను ఉతికి, ఎండబెట్టి, వేపాకు వేసి మూటకట్టి ఉంచండి. బంధువర్గంలో మరొక పురుడు వచ్చినప్పుడు అవే అందరికంటె ముందుగా అక్కరకు వస్తాయి.